నబీ సాహెబ్ గీసిన ఎర్రగీత

తెనాలి గంగానమ్మపేటలో నబీ సాహెబ్ టైలరు దుకాణం ఎక్కడని ఎవరినైనా అడిగితే, దారి చెప్పేవాడు ముందు ఓసారి నవ్వుతాడు. దుకాణం దొరక్క కాదు. అందులోకి వెళ్ళి కొలతలిచ్చి చప్పున బయటపడ్డవాడు ఇంతవరకూ లేడు కనుక. నబీ సాహెబ్ ఒకసారి కొలిచి ఊరుకోడు. భుజాలు కొలుస్తాడు, కాసేపు కళ్ళు మూసుకుంటాడు, మళ్ళీ కొలుస్తాడు. పొట్ట లోపలికి లాక్కుని నిలబడే పెద్దమనుషులంటే ఆయనకు తగని చిరాకు.

"ఊపిరి బిగబట్టకు నాయనా. రేపు చొక్కా వేసుకుని రోజంతా ఇట్టాగే బిగబట్టుకుంటావా ఏంటి?" అంటాడు. పాపం ఆ పెద్దమనిషి ఊపిరి వదులుతాడు, పొట్ట యథాస్థానానికి వస్తుంది, టేపు మీద నిజమైన కొలత పడుతుంది.

ఈ పని ఆయన చిన్నప్పుడు బాపట్లలో ఒక ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నాడు. ఉస్తాద్ చాలా సంగతులే చెప్పాడు గానీ, నబీ సాహెబ్ ఒక్కదాన్ని మాత్రం నమాజులా పట్టుకున్నాడు. ఇంకొకరు గీసిన గీత మీద కత్తెర పెట్టకూడదు. గీసిన చెయ్యే కొయ్యాలి. ఒకసారి రేపల్లె నుంచి ఒకాయన వేరే టైలరు గీతలు గీసి ఇచ్చిన గుడ్డ తెచ్చి, కోసి కుట్టిస్తే చాలన్నాడు. నబీ సాహెబ్ బ్రష్షుతో ఆ సుద్దంతా దులిపేసి, మొదటినుంచీ కొలిచి, తన సుద్దతో గీశాడు. గీతలన్నీ మళ్ళీ పాత చోటనే పడ్డాయి. ఆ రేపల్లె ఆయన నోరు తెరిచేలోపే, "అవి ఆయనవి, ఇవి నావి" అని కత్తెర అందుకున్నాడు. ఇలాంటి మనిషితో వాదించడం కంటే బయట బెంచీ మీద కూర్చుని టీ తాగడం మేలని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

అంతటి మనిషికీ కళ్ళకు పొరలొచ్చాయి. వచ్చిన సంగతి ఆయనకంటే ముందు ఊరికి తెలిసింది. ఒక బడిపంతులు గారి తెల్లచొక్కాకు నీలం దారంతో కాజాలు కుట్టి, "దారం ఎట్టా కలిసిపోయిందో చూడండి మాస్టారూ" అని మెరుస్తున్న మొహంతో చూపించాడు. మాస్టారు మంచివాడు. "అవునండి, బాగా కలిసిందండి" అని తీసుకుపోయాడు. ఆ సాయంత్రమే గౌస్ బీ మొగుణ్ణి రిక్షాలో ఎక్కించి కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ రెండు కళ్ళూ చూసింది, రక్తం పరీక్ష చేయించింది, కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. "పొరలు తీసెయ్యడం పెద్ద పనేం కాదండి. కానీ ఇంత షుగరు పెట్టుకుని కత్తి పెట్టను. పరగడుపున నూట నలభై దాటకుండా ఒక నెల నిలబెట్టుకుని రండి, వెంటనే చేసేస్తాను" అంది.

నబీ సాహెబ్‌కు ఆపరేషన్ తొందర ఎందుకో తెలియాలంటే బసవలింగం సంగతి చెప్పుకోవాలి. బసవలింగం ఈపురుపాలెంలో నేతగాడు. బాపట్ల దుకాణానికి గుడ్డ మూటలు మోసుకొచ్చే రోజుల్లోనే వీళ్ళిద్దరికీ స్నేహం కలిసింది. అప్పటినుంచీ బావా అంటే బావా. బసవలింగం మగ్గం మీద ఎందరి పెళ్ళిబట్టలో నేశాడు గానీ, తన ఒంటికి మాత్రం బజార్లో కొన్న చొక్కాలే. నేసిందంతా సొసైటీకీ షావుకార్లకూ పోయేది. ఇన్నేళ్ళకు ఏం బుద్ధి పుట్టిందో, సన్నని నూలుతో పాలమీగడ రంగులో ఒక జుబ్బా గుడ్డ తన కోసం నేసుకున్నాడు. దాన్ని పసిబిడ్డను మోసినట్టు రైల్లో తెనాలికి తెచ్చాడు.

"ఇది నా ఒంటికి నేను నేసుకున్న మొదటి గుడ్డ బావా. సరిగ్గా ఒక జుబ్బాకే నేశాను, తునక ఎక్కువ లేదు. దీని మీద నీ కత్తెరే పడాల" అన్నాడు.

"నా కళ్ళ సంగతి తెలుసుగా."

"బాగుపడేదాకా ఉంటాను. గుడ్డ యాడికీ పోదు, నేనూ పోను."

నబీ సాహెబ్ ఆరోజే బావను నిలబెట్టి రెండేసి సార్లు కొలిచి, కొలతలు రాయించి పెట్టుకున్నాడు. ఆ గుడ్డ బీరువాలో పై అరలో కూర్చుంది. నబీ సాహెబ్ రోజూ ఒకసారి తలుపు తీసి, దాన్ని వేళ్ళతో తడిమి, మళ్ళీ మూసేవాడు.

ఇక షుగరు కథ. నబీ సాహెబ్ కోడలు రుక్సార్ రేపల్లె పిల్ల. పొన్నూరులో ఒక రైసుమిల్లులో కంప్యూటరు ఆపరేటరు. ఆమె మొగుడు ఇమ్తియాజ్ లారీ డ్రైవరు, నెలలో సగం రోడ్ల మీదే ఉంటాడు. అందుకని మామగారి వేలికి సూది గుచ్చి మిషన్లో రక్తం చూసే పని ఆమెదే అయింది. మొదటి వారం ఆ అంకె పైకి చదవడంతోనే ఇంట్లో యుద్ధం మొదలయ్యేది. అంకె వినగానే గౌస్ బీ అన్నం గిన్నె ఎత్తేసేది. అంతటితో ఆగితే బాగుండు. "మా ఆయనకు ఇవాళ రెండొందల అరవై" అని పక్కింటి రాఘవమ్మకు గోడమీదుగా చెప్పేది. సాయంత్రానికి కూరగాయల బండివాడు కూడా "షుగరెంత సాయిబుగారూ" అని అడిగేవాడు. చివరికి నబీ సాహెబ్ ఒక షరతు పెట్టాడు. ఈ ఇంట్లో అంకె ఎవరూ పైకి పలకకూడదు, తనతో కూడా. రుక్సార్ మౌనంగా చూసి మౌనంగా రాసుకోవాలి.

"మరి మీకెట్టా తెలుస్తది మావయ్యా?"

"బొమ్మ చూపించు. అంకెలు ఎట్టాగూ నాకు చీమల్లా కనపడుతున్నయ్."

మిల్లులో తీసేసిన పాత కంప్యూటరు ఒకటి ఇంట్లో ఉంది. రుక్సార్ అందులో ఎక్సెల్ తెరిచింది. ఒక షీట్లో రోజూ అంకె కొడితే, ఇంకో షీట్లో చార్టు మీద ఒక నీలం చుక్క పడేట్టు చేసింది. చుక్కలు కుంకుమబొట్లంత పెద్దవి పెట్టింది. నబీ సాహెబ్ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వచ్చి చూశాడు. చుక్కలు కనిపించాయి.

"ఎంతలోపు ఉండాలో గీత ఏదీ?"

"పక్క వరసలో అన్ని గళ్ళలోనూ నూట నలభై అని కొడితే అదే గీతై వస్తుంది మావయ్యా."

"ఎవరు గీస్తారు?"

"కంప్యూటరే గీసుకుంటుంది."

"అయితే వద్దు."

రుక్సార్‌కు అర్థం కాలేదు. వంటింట్లోంచి గౌస్ బీ, "బాపట్ల ఉస్తాద్ నిద్రలేచాడు" అంది. నబీ సాహెబ్ మెడలో టేపు సర్దుకున్నాడు. "షుగరు నాది, కళ్ళు నావి. నా ఆపరేషను ఆ గీత మీద ఉంది. వేరేవాళ్ళు గీసిన గీత మీద నేను కత్తెర పెట్టను, పెట్టనివ్వను. ఆ మౌసు ఇటియ్యి" అన్నాడు.

రుక్సార్ నవ్వుకుని, గీతలు గీసే బొమ్మ మీద నొక్కి మౌసు ఆయన చేతికిచ్చింది. తెర మీద నూట నలభై ఎక్కడుందో వేలితో చూపించింది. ఆయన కింది అంచునుంచి అక్కడికి టేపు పెట్టి కొలిచాడు. తెర కుడి చివర కూడా అంతే కొలిచాడు. మొదటిసారి గీత కిందికి జారిపోయింది, రెండోసారి కిటికీ బయటికి పోయిందేమో అసలు కనిపించలేదు, మూడోసారి ఈ చివరనుంచి ఆ చివరకు పడింది. రుక్సార్ దానికి ఎర్రరంగు వేసి లావు చేసింది.

"ఎట్టా ఉంది? దారం లాగి పట్టినట్టు లేదూ?" అన్నాడు నబీ సాహెబ్.

రుక్సార్ ఒక్క క్షణం ఆగి, "చాలా బాగుంది మావయ్యా" అంది.

ఆరోజు నుంచి ఆ మనిషి ఎర్రగీతకు దాసుడైపోయాడు. తెల్లారకముందే లేచి స్టేషన్ దాకా నడక, వచ్చి రాగిజావ. టీలో చక్కెర మానేశాడు. సందు చివర పునుగుల బండి దగ్గరకు రాగానే అవతలి పక్కకు దాటి నడిచేవాడు, వాసనకు మొహం చాటేసి. నీలం చుక్కలు మొదట్లో గీతకు ఎంతో ఎత్తున ఉండేవి. మెల్లమెల్లగా మెట్లు దిగినట్టు దిగాయి. నెల చివరికి గీత కిందికి వచ్చాయి. ఆరోజు నబీ సాహెబ్ దుకాణంలో పాట పాడాడని చెప్పుకుంటారు. పాట ఏదో మాత్రం ఎవరికీ అర్థం కాలేదట.

కొత్త నెల మొదలైంది. డాక్టరమ్మ అడిగిన నెల ఇదే, మొదటినుంచీ చివరిదాకా గీత కింద ఉండాల్సిన నెల. రుక్సార్ పాత అంకెలన్నీ వేరే షీట్లోకి మార్చి, చార్టు ఖాళీ చేసి, కొత్త నెల అంకెలు కొట్టసాగింది. పొద్దున్నే సూది, అంకె, పొన్నూరు బస్సుకు పరుగు. చార్టు ఉన్న షీటు తెరిచి చూసే తీరిక ఆమెకు లేదు. అంకెలు నూట ముప్ఫై లోపే ఉన్నాయి. మావయ్య చూసుకుని సంతోషపడుతూ ఉంటారు కదా అనుకుంది.

మావయ్య చూశాడు. నీలం చుక్కలన్నీ ఎర్రగీతకు పైన ఉన్నాయి.

మొదటిరోజు తప్పేదో చేసి ఉంటానులే అనుకున్నాడు. రెండో రోజు రాత్రి అన్నం మానేసి మజ్జిగ తాగి పడుకున్నాడు. చుక్క ఇంకా పైనే. నడక పెంచాడు. స్టేషన్ దాటి పోయి వచ్చాడు. చుక్క కాస్త దిగిందేమో గానీ గీతకు బెత్తెడు పైనే ఉంది. అడిగితే కోడలు చెప్పేది. కానీ అంకె పలకొద్దన్నది ఆయనే కదా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగడం? పైగా ఆ పిల్ల తనను చూసి నవ్వుతూ వెళ్తోంది. ముసలాడు బాధపడతాడని దాస్తోంది, ఎంత మంచి పిల్ల అనుకున్నాడు. చూడటం అయిపోగానే తెర ఆపేసేవాడు. గౌస్ బీకి ఆ చార్టు సంగతి పట్టలేదు. అది మామా కోడళ్ళ బొమ్మలాట అని ఆమె ఉద్దేశం.

ఆయనకు నిజంగానే దిగులు పట్టుకుంది. ఇంత కట్టుబాటులో ఉన్నా దిగని షుగరు ఇక దిగదు. ఆపరేషన్ ఉండదు. మనుషుల భుజాలు తడిమి, దారాలు వాసన చూసి బతకాలి. ఇంతలో బసవలింగం ఫోను చేశాడు. "తొందరేం లేదు బావా. ఊరికే చేశా. మొన్న మా ఫణీంద్ర అడిగాడు, జుబ్బా యాడ నాన్నా అని. వస్తదిలేరా అన్నా" అన్నాడు. అంత నెమ్మదిగా అడిగితే ఎవరికైనా గుండె కరిగిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం నబీ సాహెబ్ బీరువా తెరిచాడు. కళ్ళు లేకపోతేనేం, చేతులున్నాయి, బసవలింగం కొలతలు ఈ చేతులకు తెలుసు అనుకున్నాడు. గుడ్డ తీసి కటింగ్ బల్ల మీద పరిచాడు, అరచేతులతో ముడతలు తీశాడు, నీలం సుద్దతో భుజం గీత, చంక గీత గీశాడు. దుకాణం ఇంటి ముందు గదే కనుక, ఆ సుద్ద గరగర విని గౌస్ బీ లోపల్నుంచి వచ్చింది.

"అది బసవలింగం అన్నయ్య గుడ్డ కదండీ!"

"అవును."

"కళ్ళు బాగైనాక కదా కోస్తానన్నారు?"

"కళ్ళు బాగవ్వవులే గౌస్ బీ. చుక్కలన్నీ గీత పైనే ఉన్నాయి. నాలుగు రోజులుగా చూస్తన్నా. ఇక అవ్వదు. వాడి ముచ్చటన్నా తీరనీ" అన్నాడు. అని కత్తెర అందుకున్నాడు.

గౌస్ బీకి చార్టులు తెలియవు గానీ మొగుడు తెలుసు. చీర సర్దుకుని, బల్ల పక్కనున్న స్టూలు మీద కాలు పెట్టి, ఎక్కి, ఆ గుడ్డ మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"దిగు."

"కొయ్యండి. నన్నూ కలిపి కొయ్యండి. జుబ్బాకు నిండుగా ఉంటది."

"గౌస్ బీ, గుడ్డ నలుగుతది."

"నలిగితే ఇస్త్రీ ఉంది. కోస్తే ఏముంది?" అని నడుముకు దోపిన ఫోను తీసి కోడలికి చేసింది. "బేటా, మీ మావయ్య కత్తెర పట్టుకున్నాడు. షుగరు గీత దాటిందంట, ఇక ఆపరేషనే లేదంట."

"దాటడమేంటి అత్తమ్మా? పొద్దున నూట పద్దెనిమిదేగా!" అని అటునుంచి రుక్సార్ కేక నబీ సాహెబ్‌కు కూడా వినిపించింది. ఇంట్లో ఆ అంకె పైకి పలకడం నెల తర్వాత అదే మొదలు. గౌస్ బీకి అలవాటుగా ప్రహరీగోడ వైపు చూపు పోయింది గానీ బల్ల దిగితే ప్రమాదం కనుక ఊరుకుంది.

నబీ సాహెబ్ నమ్మలేదు. తన మనసు కష్టపెట్టకుండా అబద్ధం చెబుతున్నారనుకున్నాడు. కత్తెర మాత్రం కింద పెట్టాడు. రుక్సార్ మిల్లులో అడిగి ముందుగా బయల్దేరి, బస్సు దిగి వచ్చేసరికి అత్తమ్మ బల్ల మీదే ఉంది. వక్కపలుకులు నములుతోంది. మావయ్య బెంచీ మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. కొలతలివ్వడానికి వచ్చినవాణ్ణి గౌస్ బీ అక్కడినుంచే వెనక్కి పంపింది. దుకాణంలో ఉన్న ఒక్క బల్లా ఖాళీగా లేదు కదా.

రుక్సార్ కంప్యూటరు పెట్టి చార్టు తెరిచింది. చూసి తలపట్టుకుంది. చుక్కలు నిజంగానే గీత పైన ఉన్నాయి.

"అయ్యో మావయ్యా! పోయిన నెల మీ అంకెలు పెద్దవి. చార్టు పైన మూడొందల దాకా పోయింది. అప్పుడు నూట నలభై సుమారు మధ్యలో ఉంది. మీరు గీత అక్కడ గీశారు. ఈ నెల అంకెలు చిన్నవి కదా, చార్టు తనంతట తనే కుంచించుకుని నూట అరవై దగ్గరే ఆగిపోయింది. మీ గీత మాత్రం పాత చోటే ఉండిపోయింది."

మాట కంటే చూపించడం మేలని ఒక ఖాళీ గడిలో మూడు వందలు కొట్టింది. కొత్త చుక్క ఒకటి పైన పడింది, మిగతా చుక్కలన్నీ సర్రున దిగి గీత కింద చేరాయి. తీసేసింది. మళ్ళీ పైకెక్కాయి. గీత కదల్లేదు. నబీ సాహెబ్ ముక్కు తెరకు ఆనించాడు. "మళ్ళీ కొట్టు" అన్నాడు. మళ్ళీ కొట్టింది. దిగాయి. "తీసెయ్." ఎక్కాయి. నాలుగుసార్లు చేయించుకున్నాడు. నాలుగోసారికి నవ్వు మొదలైంది, భుజాలు ఊగేంత నవ్వు.

"గీత గుడ్డ మీద పడలేదు బేటా! పైన అద్దం మీద గీశాను. కింద గుడ్డ జరిగిపోయింది. పిన్ను పెట్టకుండా గుడ్డ మీద కొలత కాగితం పరిచి కోసే పిల్లలను ఎన్నిసార్లు తిట్టానో, నేనే ఆ పని చేశాను." అని కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళలో నీళ్ళు నవ్వువి మాత్రమే కావు. రాత్రుళ్ళు అన్నం మానేసి పడుకున్న మనిషి మరి.

"మరి ఇప్పుడన్నా నూట నలభైలు కొట్టమంటారా? అది అంకెల్లోంచి వచ్చే గీత, చార్టు ఎటు జరిగితే అటే జరుగుతుంది."

ఉస్తాద్ మాట ఒకపక్క, చుక్కలు ఒకపక్క. నబీ సాహెబ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "కొట్టాలి. కానీ నువ్వు కాదు. నేను కొడతాను. నా చేత్తో కొడితే నా గీతేగా" అన్నాడు. రుక్సార్ మీటలు ఎక్కడున్నాయో వేలు పట్టి చూపించింది. ఒకటి, నాలుగు, సున్నా. నెలలో ఎన్ని రోజులుంటే అన్నిసార్లు, ఒక్కో గడిలో, చూపుడువేలితో గుచ్చి గుచ్చి కొట్టాడు. ఒకచోట సున్నా ఎక్కువ పడి గీత ఆకాశానికి లేచింది. దాన్ని దించుకున్నాడు. చివరి గడి అయ్యేసరికి చార్టు మీద ఒక తిన్నని కొత్త గీత, దాని కింద బుద్ధిగా నీలం చుక్కలు.

"అత్తమ్మా, ఇక దిగొచ్చు" అంది రుక్సార్. గౌస్ బీ దిగింది. ఆమె చీర వెనకంతా నీలం సుద్ద అంటుకుంది. అట్లాగే వెళ్ళి రాఘవమ్మకు నూట పద్దెనిమిది సంగతి చెప్పి వచ్చింది.

పాత ఎర్రగీతను తీసెయ్యబోయి రుక్సార్ ఆగింది. దాన్ని లాగి చార్టు బయట ఒక మూలకు నెట్టి వదిలేసింది.

నెల నిండింది. డాక్టరమ్మ చార్టు చూసి మెచ్చుకుని, మాట ప్రకారం ముందు కుడికన్ను చేసింది. కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చిన నబీ సాహెబ్ మొదట చూసింది గౌస్ బీ మొహం. "ఇన్ని ముడతలెప్పుడొచ్చినయ్?" అన్నాడు. "ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు" అంది ఆమె. డాక్టరమ్మ కుట్టుపని చేసుకోవచ్చనేదాకా ఆగి, ఆ రోజే బీరువా తెరిచి బసవలింగం గుడ్డ బల్ల మీద పరిచాడు.

ఆరోజు గీసిన నీలం గీతలు కొంచెం చెదిరి అట్లాగే ఉన్నాయి. భుజం దగ్గర సరిగ్గా మొదలైన గీత, పోను పోను లోపలికి వంగి, చంక దగ్గరకు వచ్చేసరికి రెండు వేళ్ళు తప్పింది. దాని వెంట కత్తెర పోయి ఉంటే ఆ గుడ్డ బసవలింగానికి కాదు గదా, బొమ్మకు కూడా పనికొచ్చేది కాదు. నబీ సాహెబ్ బెంచీ మీద కూర్చున్నాడు. ఈ చేతులకు అంతా తెలుసనుకున్నాడు. తెలియదు.

కాసేపటికి లేచి కోడలిని పిలిచాడు. "ఆరోజు మౌసుతో గీశానే, ఆ ఎర్రగీత ఉందా?"

రుక్సార్ మూలనున్న దాన్ని చూపించింది. అదీ అంతే. ఎడమనుంచి కుడికి నింపాదిగా దిగిపోతూ ఉంది. ఎవరు చూసినా వంకర అని చెప్పేంత వంకర.

"చాలా బాగుందన్నావుగా బేటా?"

"బాగానే ఉంది మావయ్యా" అంది రుక్సార్, కళ్ళెత్తకుండా.

ఆయనకు కోపం రాలేదు. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి నిమిరాడు. "తీసెయ్యమంటారా?" అని అడిగింది. "వద్దు. గుడ్డ మీదిది ఇప్పుడు దులిపేస్తాను. ఇదన్నా ఉండనీ" అని బ్రష్షు అందుకున్నాడు.

బసవలింగం తరువాతి వారం రైల్లో వచ్చాడు. వేసుకొచ్చిన చొక్కా విప్పి సంచిలో పెట్టి, కొత్త జుబ్బా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. చేతుల మీద, గుండెల మీద అరచెయ్యి పెట్టి నిమురుకున్నాడు. ఇన్నేళ్ళూ ఊరి ఒళ్ళకు నేసిన మనిషి తన ఒంటి మీద తన గుడ్డను చూసుకుంటూ అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"ఏం బావా, పట్టిందా?" అన్నాడు నబీ సాహెబ్.

"ఇది నేను నేసిందేనా?" అన్నాడు బసవలింగం. ఏడుపు ఆపుకోవడానికి గట్టిగా ఊపిరి బిగబట్టాడు.

"వదులు బావా, వదులు" అన్నాడు నబీ సాహెబ్, తన కళ్ళూ తుడుచుకుంటూ. "ఊపిరికి కూడా కలిపే కోశాను."